జాబ్ కార్డు మీద పేరు

ఈమధ్య ఒక సదస్సులో భోజనాల దగ్గర ఒక మిత్రురాలు నన్ను నిలదీసింది. "స్త్రీవాదివి కదా, నీకా థార్ బండి ఏమిటి? అది ఫ్యాక్షనిస్టుల బండి. మగతనం చాటుకోడానికి తయారైన వస్తువు. మనం బస్సెక్కాలి. ఇప్పుడు ఉచితం కూడానూ" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఒళ్ళు మండింది.

ముందు బస్సు సంగతి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలైంది. చాలా మంచి పని. పటమట నుంచి మచిలీపట్నం వెళ్ళాలంటే నేనూ బస్సే ఎక్కుతాను. కానీ నేను పనిచేస్తున్నది దివిసీమలో నాట్లు వేసే స్త్రీల పాటల మీద. అవి వినాలంటే నాట్లప్పుడే వెళ్ళాలి, అంటే వానల్లో. నాగాయలంక దాకా బస్సుంది. ఆ తర్వాత చేల మధ్య డొంకదారి. తడిసిన నల్లమట్టి చక్రాలకి పట్టుకుందంటే మామూలు కారు రెండు ఫర్లాంగులు కదలదు. చీకటిపడ్డాక ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని, అతని దయమీద తిరిగిరావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి, 2020 మోడల్ డీజిల్ టర్బో, సెకండ్ హ్యాండ్‌లో అప్పు చేసి కొన్నాను. నడపడం సరదా కూడా. అది దాచుకోను.

ఇక మగతనం. మన సినిమాలు ఏళ్ళతరబడి సుమోలు గాల్లోకి పేల్చాయి కాబట్టి పెద్ద బండి అనగానే మీసం గుర్తొస్తుంది. అయితే ఆ మగతనం ఇనుములో ఉందా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ మునిగింది. మా పిన్ని వాళ్ళు మేడమీద చిక్కుకుపోయారు. మర్నాడు పొద్దున్నే బావ (మా అక్క భర్త) వచ్చాడు. "తాళం ఇవ్వు, నేను పోయొస్తా." నేను నడుపుతానన్నాను. "ఆ నీళ్ళలోకి ఆడపిల్లవి నువ్వెందుకమ్మా, ఇచ్చెయ్యి" అన్నారు నాన్న. ఇచ్చేశాను. ఇవ్వడం నా తప్పే.

ఈ బండి దాటగలదని కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, అంటే మోకాలికి కాస్త పైన. అదీ లో గేరులో, మెల్లగా, నీటిని ముందుకు తోసుకుంటూ. బావ ఫ్లైఓవర్ దిగి వేగంగా దూకించాడు. బానెట్ మీదికి నీళ్ళొచ్చాయి, గాలి పీల్చే గొట్టంలోంచి ఇంజన్లోకి పోయాయి. బండి ఆగింది. ఆగిందాన్ని మళ్ళీ స్టార్ట్ చేశాడు. చెయ్యకూడని పని అదే. గాలిని నొక్కినట్టు నీళ్ళని నొక్కలేం కనక కనెక్టింగ్ రాడ్ వంగింది. టర్బో కూడా పోయింది. పిన్ని వాళ్ళు చివరికి పడవలో వచ్చారు. ఇంజన్‌కి విడిగా తీసుకోవాల్సిన బీమా నేను తీసుకోలేదు. అదీ నా తప్పే, రెండు లక్షల పైచిలుకు తప్పు.

అసలు సంగతి ఆ తర్వాతిది. వర్క్‌షాపుకి వెళ్తే జాబ్ కార్డు మీద బావ పేరు, బావ ఫోన్ నంబరు. ఆర్సీ నా పేరున ఉంది. వాయిదాలు నా జీతంలోంచి పోతున్నాయి. ఏం పాడైందని అడిగితే, "సార్‌కి అన్నీ చెప్పాం మేడమ్, ఎస్టిమేట్ కూడా పంపాం" అన్నాడు. పి.సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో పేరు మర్చిపోయిన ఇల్లాలు మనందరికీ తెలుసు. నేను నా పేరు మర్చిపోలేదు. రాసుకునేవాడికి దాంతో పని లేకపోయింది, అంతే.

ఇది కొత్తేమీ కాదు. కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, దేశమంతటికీ రావడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది. అయినా ఈ డెల్టాలో ఎన్ని ఎకరాలు ఆడవాళ్ళ పేరున ఉండి మగవాళ్ళ చేతుల్లో ఉన్నాయో మనకి తెలియదా? పాసుపుస్తకం ఆమెది, కౌలు మాట్లాడేది ఆయన. బండి కూడా అంతే.

అయితే నా మిత్రురాలితో అసలు పేచీ ఇంకొకటుంది. "నాకు బండ్ల గురించి ఏమీ తెలీదండీ" అని మనం ఎంత ముద్దుగా చెప్పుకుంటాం! అదే ఒక మగాడు "నాకు వంట ఏమీ రాదండీ" అంటే ఊరుకుంటామా? వంటింటి గురించి మనం రాసినవాటితో బీరువాలు నిండాయి. షెడ్డు గురించి ఏం రాశాం? అది మగవాళ్ళ చోటని మనమే వదిలేశాం. వదిలేసినచోట "సార్ రాలేదా?" అన్న ప్రశ్న మొలుస్తుంది.

మా ఇంటికి కూతవేటు దూరంలో ఆటోనగర్ ఉంది. అక్కడో పెద్ద మేస్త్రీ దగ్గర కొన్ని ఆదివారాలు కూర్చున్నాను. ఆయనా మొదట "సార్ రాలేదా?" అనే అడిగాడు. తర్వాత నేర్పాడు. నీళ్ళలో దిగొచ్చాక డిఫరెన్షియల్ ఆయిల్ చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టు, మార్చెయ్యాలి. టర్బోలో ఇరుసు నిమిషానికి లక్షకి పైగా తిరుగుతుంది, పల్చటి ఆయిల్ పొర మీద. దూరం తోలుకొచ్చి వెంటనే ఆపేస్తే ఆయిల్ రావడం ఆగి, మిగిలింది ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. ఒక నిమిషం ఇంజన్ని ఊరికే తిరగనిచ్చి అప్పుడు ఆపాలి. మన మగాళ్ళు దిగేముందు పౌరుషంగా ఝమ్మని ఒకసారి రేస్ చేసి తాళం తిప్పుతారే, టర్బోకి అంతకంటే కీడు లేదు. ఇదంతా తెలుసుకోడానికి మీసం అవసరం లేదు. పీహెచ్‌డీ కూడా అవసరం లేదు.

డీజిల్ తాగే బండి, అందరూ కొనలేని బండి అంటే ఒప్పుకుంటాను. ఆ మాట అని ఉంటే నా దగ్గర ఇంత గట్టి జవాబు లేదు. ఆవిడ ఆ మాట అనలేదు, మగ బండి అంది.

వచ్చే జులైలో మళ్ళీ నాగాయలంక వెళ్తున్నాను. ఆవిడనీ రమ్మంటున్నాను. బురద దారి మొదలయ్యేచోట దిగి నాలుగు టైర్లలో గాలి తగ్గించాలి. గేజి ఆవిడ చేతికే ఇస్తాను.