మెసెంజర్ లైట్‌ను మళ్లీ ఇవ్వండి

మెటా సంస్థ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ గారికి,

2016 అక్టోబరులో మీ సంస్థ ఫేస్‌బుక్ మెసెంజర్‌కు తేలిక రూపమైన మెసెంజర్ లైట్‌ను మొదట కెన్యా, ట్యునీషియా, మలేషియా, శ్రీలంక, వెనిజులాలకు ఇచ్చింది. మరుసటి ఏడాది అది భారతదేశానికీ వచ్చింది. పది ఎంబీ కూడా లేని యాప్. మెసేజ్, ఫొటో, లింకు పంపుకోవచ్చు. 2018లో వీడియో కాల్స్ కూడా చేర్చారు. పెద్ద మెసెంజర్‌లోని ఆటలు, స్టోరీల హడావుడి అందులో లేదు.

2023 సెప్టెంబరు 18న దాన్ని ఆపేశారు. వాడేవాళ్లను అసలు మెసెంజర్‌కో, ఫేస్‌బుక్ లైట్‌కో మారమన్నారు.

ఫేస్‌బుక్ లైట్‌లో మెసేజ్‌లు ఉన్న మాట నిజమే. కానీ నాలుగు మాటలు మాట్లాడుకుందామని వచ్చినవాళ్లకు ఫీడ్ మొత్తం అంటగడితే ఎలా? ఇక పెద్ద మెసెంజర్ సంగతి. 16 జీబీ ఫోనులో చాలా భాగం సిస్టమే తినేస్తుంది. మిగిలిన కాస్త చోటులోనే వాట్సాప్ ఫొటోలు, ఫోన్‌పే, మనవడి వీడియోలు సర్దుకోవాలి. అప్‌డేట్ రాగానే ‘స్టోరేజ్ ఫుల్’ అంటుంది. డల్లాస్‌లో ఉన్న కూతురితో మాట్లాడాలంటే ఒక అమ్మమ్మ గ్యాలరీ తెరిచి, ఏ ఫొటో తీసేయాలో తేల్చుకోలేక ఒక్కొక్కటే జరుపుతూ కూర్చోవాలి.

పెద్ద యాప్‌తో మేలు లేదని ఎవరూ అనరు. పంపేవారు, అందుకునేవారు తప్ప మరెవరూ చదవలేని ‘సీక్రెట్ కాన్వర్జేషన్స్’ సదుపాయం లైట్‌లో ఉండేది కాదు. 2023 డిసెంబరులో మెసెంజర్‌లోని వ్యక్తిగత సంభాషణలకు వాడేవాళ్లు ప్రత్యేకంగా ఎంచుకోకుండానే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి పని. ఆ రక్షణ చవక ఫోను వాడేవాళ్లకూ అంతే అవసరం.

యాప్‌ను తేలిక చేయడం మీవాళ్లకు కొత్తేమీ కాదు. 2020లో ఐఫోన్ మెసెంజర్‌ను మీ ఇంజనీర్లు మొదటి నుంచి తిరగరాసి, 17 లక్షలకు పైగా ఉన్న కోడ్ వరుసలను 3 లక్షల 60 వేలకు దించారు. యాప్ సైజు నాలుగో వంతుకు వచ్చింది. ఖరీదైన ఫోనుకు అంత శ్రద్ధ పెట్టినవాళ్లు పేదవాడి ఫోనుకు ఎందుకు పెట్టరు?

మరో సంస్థ చేసి చూపించింది కూడా. 2017లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన స్కైప్ లైట్ హైదరాబాద్‌లో తయారైందే. 13 ఎంబీల ఆ యాప్ తెలుగుతో సహా ఏడు భారతీయ భాషల్లో, 2జీ సిగ్నల్ మీద కూడా నడిచేలా చేశారు.

కాబట్టి ఫీడ్ లేకుండా, ఎన్‌క్రిప్షన్‌తో, 2 జీబీ ర్యామ్ ఫోనులో తడబడకుండా నడిచే మెసెంజర్‌ను విడుదల చేయండి. ఎప్పుడైనా దాన్ని ఆపక తప్పకపోతే, కనీసం ఆరు నెలల ముందు ఆ సంగతి యాప్‌లోనే తెలుగులో చెప్పండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు