వడ్డించువాని జీతమెవరిది?

అరకులోయకును, పాపికొండలకును, విశాఖ తీరమునకును మనవారు సకుటుంబముగ బయలుదేరు దినములలో, హోటలు బిల్లు చేతికి వచ్చినపుడు తరచుగ నొక చిన్న వివాదము పుట్టుచున్నది. భోజనపు వెల కొంత, ప్రభుత్వపు పన్ను కొంత; ఈ రెంటి నడుమ 'సర్వీసు చార్జి' యను పేర మరికొంత. ఇది పన్నో, వెలయో, కానుకయో తెలియక గృహస్థుడు తటపటాయించును. పొరుగూరిలో, పిల్లల యెదుట, పదిమంది చూచుచుండగా వాదులాట యెందుకని చెల్లించి లేచును. లేచునప్పుడు బల్లయొద్ద నిలిచియున్న సర్వరు ముఖము చూచి మరల జేబు తడవుకొనును. ఒక్క సేవకు రెండుమారులు చెల్లించినను, ఆ సర్వరునకు రావలసినది వచ్చినదో లేదో అతనికి తెలియదు. విషయము చిన్నదిగా గన్పట్టినను కష్టపడువాని కూలికి సంబంధించినది గావున దీనిని విచారింపవలసియున్నది.

చట్టము మాట ముందు చెప్పుట మంచిది. సర్వీసు చార్జి పన్ను గాదు. హోటలు యజమాని తనంత తాను వేసికొను రుసుము. ఇది అతిథి యిచ్ఛకు లోబడినదని కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ 2017 ఏప్రిలులోనే ప్రకటించెను. అయినను వసూళ్లు ఆగలేదు. అంతట 2022 జూలై 4వ తేదీన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శక సూత్రములను వెలువరించి, ఈ చార్జిని అతిథి నడుగక బిల్లులో చేర్చరాదనియు, మరియొక పేరు పెట్టి రాబట్టరాదనియు, ఇయ్యనివారికి ప్రవేశము నిరాకరింపరాదనియు విధించినది. యజమానుల సంఘములు ఢిల్లీ హైకోర్టుకు పోయి ఆ నెలలోనే నిలుపుదల ఉత్తరువు పొందినవి. తుదకు 2025 మార్చి 28వ తేదీన న్యాయమూర్తి ప్రతిభా ఎం. సింగ్ గారు ఆ సూత్రములు చెల్లుననియు, నిర్బంధపు వసూలు న్యాయవిరుద్ధమనియు తీర్పు చెప్పి, వ్యాజ్యము తెచ్చిన రెండు సంఘములకును చెరియొక లక్ష రూపాయల ఖర్చులు విధించిరి. సంఘములు దానిపై అప్పీలునకు పోయినవి.

లెక్క యెట్లుండునో చూడుడు. రెండువేల రూపాయల భోజనమునకు నూటికి పది చొప్పున సర్వీసు చార్జి 200 రూపాయలు. ఆ 2,200 రూపాయలపై నూటికైదు చొప్పున జి.ఎస్.టి. 110 రూపాయలు. వెరసి 2,310. చార్జియే లేనిచో 2,100 రూపాయలతో పోవలసినది. అనగా ఇష్టపూర్వకమనబడు సొమ్ముపైగూడ అతిథి పన్ను కట్టుచున్నాడు. ఢిల్లీ తీర్పులో ఈ విడ్డూరమును గూడ గమనించిరి.

యజమానుల పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. చేతికిచ్చు ఇనాము బల్లయొద్దకు వచ్చు సర్వరునకే చెందును. పొయ్యికడ చెమటోడ్చు వంటవాడును, ఎంగిలి పళ్లెములు కడుగు పనివాడును, గదులు తుడుచు స్త్రీయు అతిథి కంటబడరు. వారందరికిని పంచుటకే ఈ చార్జి యని యజమానులందురు. మాట న్యాయముగనే యున్నది. కాని పంచిన లెక్క అతిథికి చూపు హోటళ్లెన్ని? పనివానికైనను చూపునవెన్ని? నిజముగ పంచదలచినవారు ఆ సొమ్మును పదార్థముల వెలలోనే చేర్చి జీతముల పట్టీలో చూపవచ్చును గదా! బియ్యము ధర హెచ్చినపుడు బియ్యపు చార్జి యని యెవరును వేరుగ వేయరు. దీపములకు దీపపు చార్జి లేదు. అన్ని ఖర్చులును వెలలో ఇముడుచుండగా, పనివాని కూలి యొక్కటియే అతిథి మెడకు వేరుగ తగిలించుట యేల?

మన పల్లెలలో కళ్లమున ధాన్యము కొలుచునాడు చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి మేర కొలిచియిచ్చు ఆచారము మన పాఠకులలో పెద్దలెరిగినదే. ఏడాది పొడుగున చేసిన పనికి అది హక్కు. ఆ యేర్పాటుతో కులపు కట్టుబాటును, వెట్టియు పెనవేసికొనియున్నవి గనుక అది మరల రావలెనని మేము కోరము. కాని అందొక వివేకమున్నది: పనికి ప్రతిఫలము వేరు, సంతోషమునకు కానుక వేరు. పండుగనాడిచ్చిన ఇనాము చూపి మేర యెగవేసిన ఆసామిని ఊరు మెచ్చదు. మన వాడుకలోనే మరియొక హెచ్చరిక కలదు. 'మామూలు' అనగా వాడుక ప్రకారమైనది యని యర్థము. వాడుకగా నిచ్చినదే క్రమముగ నిర్బంధమై, నేడు కచేరీల యొద్ద ఆ మాట వినిన లంచమే స్ఫురించుచున్నది. సంతోషించి యిచ్చు బక్షీసును బిల్లులోనికెక్కించినచో దానికిని ఆ గతియే పట్టును.

ఇనాము జీతమునకు బదులైనచో ఏమగునో అమెరికాను చూచి తెలిసికొనవచ్చును. అచటి ఫెడరల్ చట్టము ననుసరించి, ఇనాములు పుచ్చుకొను పనివానికి యజమాని ఇయ్యవలసిన కనీస వేతనము గంటకు 2 డాలర్ల 13 సెంట్లు మాత్రమే; 1991 నుండి ఆ యంకె కదలలేదు. ఇనాములతో గలిసి 7 డాలర్ల 25 సెంట్లు కాకున్న తక్కువబడినది యజమాని పూరింపవలెనని విధి. కొన్ని రాష్ట్రములు ఇంతకంటె హెచ్చు నిర్ణయించుకొన్నవి గాని, తక్కినచోట్ల సర్వరు బ్రతుకు అతిథి చిరునవ్వుపై నాధారపడియున్నది. చదువులకై పోయిన మన పిల్లలు భోజనపు వెలలో ఐదవవంతు వరకు అదనముగ నిచ్చుట మర్యాదయని నేర్చుకొనుచున్నారు. మర్యాద పేర వారిచ్చునది యజమాని ఇయ్యని జీతమే. బ్రిటనువారు వేరొక దారి త్రొక్కిరి. 2023లో చేసిన చట్టమును 2024 అక్టోబరు 1 నుండి అమలుపరచి, ఇనాములును సర్వీసు చార్జీలును యజమాని తనకై మినహాయించుకొనక పనివారికే న్యాయముగ పంచవలెననియు, లెక్కలుంచవలెననియు శాసించిరి. మన సుప్రీంకోర్టును 2016లో ఒక ఆదాయపు పన్ను వ్యాజ్యమున, అతిథులిచ్చిన ఇనాములు యజమాని చేతిమీదుగ పంచబడినను అవి యతడిచ్చు జీతము క్రిందికి రావని నిర్ణయించెను. జీతము గానిదానిని చూపి జీతము తగ్గించుట యెట్లు న్యాయమగును?

ఢిల్లీ తీర్పు వలన అతిథి హక్కు స్పష్టమైనది; పనివాని స్థితి మాత్రము ఎక్కడిదక్కడనే యున్నది. యాత్రాస్థలములలో పని ఋతువును బట్టి యుండును. మంచుకాలమున అరకులో సందడి హెచ్చును. గోదావరికి వరద వచ్చిన పాపికొండల పడవలు నిలిచిపోవును, పడవపై వండి వడ్డించువాని సంపాదనయు దానితో నిలిచిపోవును. అట్టివాని సంసారమును ఇనాములపై విడిచిపెట్టుట న్యాయమా? పైగా చిల్లర నాణెముల కాలము పోయినది. ఫోనులో యు.పి.ఐ. ద్వారా చెల్లించు సొమ్ము గల్లాపెట్టె ఖాతాకు చేరును గాని సర్వరు చేతికి రాదు. నోటు లేని అతిథి సిగ్గుపడి పోవును. సర్వరు చూచుచు నిలుచును.

కావున మేము కోరునది మూడు మాటలు. యజమానులు పనివారి కూలిని వెలలోనే చేర్చి, ఆ వెలను దాపరికము లేక పట్టికలో ప్రకటింపవలెను. అతిథులు తమంత తామిచ్చిన ఇనాములను ముట్టుకొనక పనివారందరికిని పంచి, ఆ లెక్క వారి కందుబాటులో నుంచవలెను. 1948 నాటి కనీస వేతనముల చట్టము స్థానమున 2019 నాటి వేతన స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది గావున, రెండు తెలుగు ప్రభుత్వములును హోటలు పనివారి వేతనములను సంసారము గడచునట్లు నిర్ణయించి, అవి చెల్లుచున్నవో లేదో యాత్రాస్థలములలో ప్రత్యేకముగ తనిఖీ చేయింపవలెను. బ్రిటనులోవలె ఇనాముల పంపకమునకును ఒక చట్టము కావలెను. ఇక అతిథి, బిల్లులో చార్జి కనబడినచో తొలగింపుమని నెమ్మదిగ నడుగవలెను. వినకున్న 1915 నంబరునకు ఫిర్యాదు చేయవలెను, లేదా కలెక్టరునకో వినియోగదారుల కమిషనునకో వ్రాయవలెను. అట్లు మిగిలిన సొమ్మును జేబులో వేసికొని పోవుటయే పౌరుషమనుకొనరాదు. సేవ నచ్చినచో, వడ్డించినవాని చేతికే ఇచ్చి, చల్లని మాట యొకటి పలికి రావలెను.

అతిథిని దేవునివలె చూచు దేశమని మన పర్యాటక శాఖలు లోకమునకు చాటుచున్నవి. దేవునికి నైవేద్యము పెట్టు చేయి దినమెల్ల పని చేసి, సాయంకాలమునకు కానుకకై చాచవలసివచ్చుట మన ఆతిథ్యమునకు కీర్తి తెచ్చునది కాదు. ఆ చేతికి రావలసిన జీతము ముందు రావలెను. అటుపై మన మిచ్చు కానుక, కానుకగనే యుండును.