క్యాజువాలిటీలో ముందు ఎవరి వంతు?

డాక్టరు అనగానే మన కళ్ళ ముందు మెదిలేది ఒక బోర్డు, దాని మీద పేరు, పేరు పక్కన డిగ్రీలు, బయట బల్లల మీద చీటీలు పట్టుకుని కూర్చున్న రోగులు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి రెండు గంటలకు నిలబడి ఉండే డాక్టరు మాత్రం ఎవరికీ గుర్తుకు రారు. ఆయన పేరు కూడా మనం అడగం. మనవారు బతికి బయటపడితే ఆ ఘనత మర్నాడు ఆపరేషన్ చేసిన సర్జన్‌కు దక్కుతుంది. జరగరానిది జరిగితే నింద మాత్రం ఈయనకే. ఇది ఎంతవరకు న్యాయమో ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

మా వద్ద చదివే పిల్లల్లో డాక్టరు కావాలనుకునే వారికి కొదవ లేదు. గుండె డాక్టరు అవుతామంటారు, కంటి డాక్టరు అవుతామంటారు, ఆడపిల్లలైతే కాన్పుల డాక్టరు అవుతామంటారు. ఎమర్జెన్సీ డాక్టరు అవుతానన్న పిల్లవాడు ఇంతవరకు మాకు తారసపడలేదు. అందుకు వారిని తప్పుపట్టలేం. అది ఒక ప్రత్యేకమైన చదువని ఇళ్ళలో పెద్దలకే తెలియదు. మన దేశంలో భారత వైద్య మండలి దాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించిందే 2009లో. అంతకు ముందు చాలా ఆసుపత్రుల్లో క్యాజువాలిటీ అంటే వేరే విభాగాల డాక్టర్లు వంతులవారీగా వచ్చి కూర్చునే చోటు, లేదా అప్పుడే చదువు ముగించిన కుర్ర డాక్టర్లను నిలబెట్టే చోటు. ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. తర్వాత ఇందులో మూడేళ్ళ ఎం.డి. చేయవచ్చు.

పరాయి దేశాల్లోనూ ఇది మరీ పాత విద్యేమీ కాదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, అలెగ్జాండ్రియా పట్టణంలో 1961లో జేమ్స్ మిల్స్ అనే డాక్టరు, ఆయన సహచరులు సొంత ప్రాక్టీసు వదులుకుని, రాత్రింబవళ్ళు వంతులు వేసుకుని అత్యవసర విభాగంలోనే పనిచేయడానికి పూనుకున్నారు. 1970లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో దీనికి శిక్షణ మొదలైంది. 1979లో అక్కడ ప్రత్యేక వైద్యశాఖగా గుర్తింపు లభించింది. ఖందక్ యుద్ధకాలంలో మదీనా మసీదు ఆవరణలో గాయపడినవారికి సేవచేసిన హజ్రత్ రుఫైదాను మనం గౌరవంతో తలచుకుంటాం, తలచుకోవాలి కూడా. అయితే నేటి ఎమర్జెన్సీ వైద్యం కూడా మనవారే కనిపెట్టారని సభల్లో చెప్పుకోవడం మాత్రం మాకు నచ్చదు.

మిగతా డాక్టర్ల వద్దకు రోగి సాధారణంగా తన జబ్బు ఏమిటో కొంత తెలుసుకునే వెళతాడు. ఇక్కడ జబ్బుకు ఇంకా పేరు పెట్టకముందే చికిత్స మొదలుపెట్టాలి. గొంతులో ఊపిరి దారి తెరిచి ఉందా, ఊపిరి ఆడుతోందా, రక్తం సరిగా ప్రసరిస్తోందా అన్నవి మొదట చూస్తారు. మిగతావన్నీ ఆ తర్వాతే. గుండెనొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఇ.సి.జి. తీయాలన్నది నియమం. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే మందు లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పురుగుమందు తాగిన రైతుబిడ్డను తీసుకువస్తే, ఆ మందు ఏ రకమో చూసి అట్రోపిన్ ఎక్కించాలి. ఇవన్నీ ఒకే మనిషి, ఒకే రాత్రి, ఒకదాని వెంట ఒకటిగా చేయాలి.

ఇక అసలు తగవు వచ్చేది వరుస దగ్గర. మనం ముందు వచ్చాం, వెనక వచ్చినవారిని లోపలికి పంపారు. వెంటనే గొంతులు లేస్తాయి, అద్దాలు పగులుతాయి. విచారకరమైన సంగతేమిటంటే, ఇలా చేసేవారిలో మన మొహల్లాల యువకులూ ఉంటున్నారు. రేషను దుకాణం వరుస వేరు, క్యాజువాలిటీ వరుస వేరు. చెయ్యి విరిగి కేకలు పెడుతున్న కుర్రవాడి పక్కనే, చెమటలు కక్కుతూ మాట్లాడకుండా కూర్చున్న ముసలాయన ఉంటాడు. డాక్టరు ముందు ముసలాయన దగ్గరకే వెళతారు. అరుస్తున్నవాడికి ఊపిరి ఆడుతోంది, మౌనంగా ఉన్నవాడి సంగతే తెలియదు. నెపోలియన్ సైన్యంలో డొమినిక్ లారే అనే సర్జన్ ఆఫీసరు, సిపాయి అన్న తేడా లేకుండా గాయం తీవ్రతను బట్టే వరుస నిర్ణయించేవాడు. రెండు వందల ఏళ్ళు దాటినా, ఎమ్మెల్యే ఫోను చేస్తే ముందు చూస్తారన్న ఆశ మనకు పోలేదు. ఆసుపత్రులపై, వైద్యులపై దాడులు శిక్షార్హమంటూ ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి చెప్పి భయపెట్టడం మా ఉద్దేశం కాదు. డాక్టరును చుట్టుముట్టిన ప్రతి నిమిషం లోపల మరో తల్లి బిడ్డ చికిత్సలోంచి తీసినదేనని గ్రహిస్తే చాలు.

ఇక్కడే మరో మాట. ఇయాదత్ మనలో గొప్ప ఆనవాయితీ. రోగిని చూడటానికి వెళ్ళని బంధువును బంధువుగా లెక్కించం. కానీ క్యాజువాలిటీ గుమ్మం ఇయాదత్‌కు తగిన చోటు కాదు. ముప్పై మంది తలుపుకు అడ్డంగా నిలబడితే స్ట్రెచర్ లోపలికి పోదు. రోగి వెంట ఒక్కరు చాలు, అదీ జరిగిందంతా తెలిసిన వ్యక్తి. మిగతావారు వార్డుకు మార్చిన తర్వాత, చూసే వేళల్లో వెళ్ళవచ్చు.

రోడ్డు ప్రమాదంలో పడినవారిని ముట్టుకుంటే పోలీసుల చుట్టూ తిరగాలన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా, కేసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పునిచ్చింది. ఆసుపత్రికి చేర్చిన బాటసారిని వేధించరాదన్న మార్గదర్శకాలను 2016లో ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేరింది. 108కి ఫోను చేస్తే వచ్చే బండి 2005 ఆగస్టు 15న మొదలైంది మన హైదరాబాదులోనే. అయినా గుండెనొప్పి అనగానే ముందు సోడా, తర్వాత వీధి చివరి ఆర్.ఎం.పి., ఆ తర్వాత ఆటో. గంటలు అక్కడే కరిగిపోతాయి.

వెళ్ళేటప్పుడు రోగి రోజూ వాడే మాత్రల సంచీ వెంట తీసుకెళ్ళండి. విషం తాగితే ఆ సీసా తీసుకెళ్ళండి, ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు, మంత్రగాడి ఇల్లు అసలే వద్దు. నోరు వంకరపోయింది, చెయ్యి పడిపోయింది అని చెప్పి ఊరుకోకండి. ఎన్ని గంటలకు పడిపోయిందో చూసి, ఆ వేళ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. డాక్టరు మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి.