తలుపు తీసి చూశాకే బయానా!

అయిజలో తిక్క వీరేశ్వరస్వామి జాతరకు కొత్త కారులో ఇంటిల్లిపాదీ బయల్దేరారనుకోండి. అందరికన్నా ముందే తయారైన అవ్వ కారు దగ్గర ఆగిపోతుంది. ‘‘పిడి యాడుంది బిడ్డా?’’ అంటుంది. పిడి ఉంది. కాకపోతే అందం కోసం కిటికీ పక్కన నల్లరంగులో కలిపేశారు!

కారు కొనేటప్పుడు మైలేజీ ఎంతని అడుగుతాం. రంగు కోసం నాలుగు రోజులు వాదించుకుంటాం. రోజూ చెయ్యిపడే తలుపును మాత్రం పట్టించుకోం.

1984లో వచ్చిన మారుతి వ్యాన్‌నే తీసుకోండి. ఆ తర్వాత ఓమ్ని అయింది, 2019లో తయారీ ఆగింది. డబ్బాలా ఉందని వెక్కిరించినవాళ్లు కూడా దాని వెనక తలుపును మెచ్చుకునేవారు. పక్కకు జరిగే తలుపు కదా, ఇరుకు సందులో గోడ పక్కన ఆపినా దిగొచ్చు. 2010లో వచ్చిన ఈకోదీ అదే పద్ధతి. మరి అన్ని కార్లకూ ఎందుకు పెట్టరంటారా? దానికి బండి పక్కన పట్టాలుండాలి. బరువూ ఖర్చూ పెరుగుతాయి. గాడి బయటికి కనిపిస్తుంది. అందులో దుమ్ము చేరితే తలుపు బిగుసుకుంటుంది.

సొగసుకూ ఓ లెక్కుంది. 2018 స్విఫ్ట్‌లో వెనక తలుపు పిడిని పైకి, కిటికీ పక్కకు చేర్చారు. చూడ్డానికి రెండు తలుపుల కారులా ముచ్చటగా ఉంది. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో ఆ పిడి మళ్లీ పాత చోటికే వచ్చింది! 2020 ఆల్ట్రోజ్‌లోనూ పిడి పైనే. అయితే తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి అది వరమే. కానీ అంత తలుపు తీయడానికి మీ వీధిలో చోటుండాలి.

అందుకే షోరూముకు పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకెళ్లండి. పిడి అందుతోందా, తలుపు సగం తీసినా దిగగలరా చూడండి. వెనక తలుపు అంచున చైల్డ్ లాక్ మీట ఉంటుంది. అది వేస్తే లోపలి నుంచి తలుపు తెరుచుకోదు. పసివాళ్లున్న ఇంట్లో తప్పనిసరి. తలుపు వేసే ముందు చిన్నారుల వేళ్లెక్కడున్నాయో చూసుకోండి.

దిగేటప్పుడు తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తీయడం నేర్పండి. ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చే మోటారుసైకిలు కంటబడుతుంది. నెదర్లాండ్స్‌లో సైకిళ్లవాళ్లను కాపాడుతున్న అలవాటిది.

అవ్వ ఎవరి సాయం లేకుండా ఎక్కి కూర్చుందా? ఇక బయానా ఇచ్చేయండి.