తడిసిన పాస్‌పోర్టుకు జవాబు ఎవరు చెప్పాలి?

కురుగోడు నుంచి గల్ఫ్‌కు వెళ్లిన ఒక సోదరి మొన్న వేసవిలో మాకు ఫోన్ చేసింది. "అక్కా, బుక్కు ఉబ్బిపోయిందక్కా. దాంట్లో నా మొగమే కనపడల్యా" అంది. ఆమె ఒక ఇంట్లో పనిచేస్తుంది. మూడేళ్ల కిందట విమానం దిగిన రోజే పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ల చేతికి పోయింది. ఇక్కడ తల్లికి జబ్బు చేసిందని సెలవు అడిగితే, వాళ్లు బీరువా తెరిచి బుక్కు ఆమె చేతిలో పెట్టారు. ఏసీ నీళ్లు కారి బీరువా అడుగు తడిసిందట. ఎప్పుడు తడిసిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పేజీలు అంటుకుపోయాయి. ఫోటో ఉన్న పేజీ పైపొర లేచిపోయింది. నంబరులో సగం అంకెలే మిగిలాయి.

ఏ దేశమో, ఎవరి ఇల్లో ఇక్కడ రాయడం లేదు. ఆమెకు మళ్లీ అక్కడికే పోయి పని చేసుకోవాలని ఉంది.

విదేశంలో ఉండగా పాస్‌పోర్టు పాడైతే మనవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా కొత్త పాస్‌పోర్టు తీసుకోవడం. దానికి దరఖాస్తు పెట్టాలి, పాడైన బుక్కు అప్పగించాలి, అది ఎలా పాడైందో చెబుతూ ప్రమాణపత్రం ఇవ్వాలి, ఫీజు కట్టాలి. పాత వివరాలు సరిచూసుకునేదాకా ఆగాలి. రెండోది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. గల్ఫ్‌లో మనవాళ్లు దాన్ని ఔట్‌పాస్ అంటారు. అది ఒక్కసారికే, ఇండియాకు రావడానికే పనికొస్తుంది. తిరిగి పోవడానికి పనికిరాదు.

పది రోజులు ఊళ్లు చూడడానికి పోయినవారికి ఇది ఒక చికాకు. ఔట్‌పాస్ తీసుకుని ఇంటికొచ్చి, తీరిగ్గా కొత్తది చేయించుకుంటారు. ఇంటిపనికి పోయినవారికి అలా కాదు. కొత్త పాస్‌పోర్టు కోసం ఆగితే తల్లిని చూడలేదు. ఔట్‌పాస్ తీసుకుంటే ఉద్యోగం పోతుంది. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చినా, అక్కడి నివాస అనుమతిలో పాత నంబరు తీసి కొత్తది ఎక్కించాలి. ఆ పని యజమాని కదిలితేనే జరుగుతుంది. వారానికి ఒక్క పూట బయటికి పోనివ్వని ఇంట్లో, దరఖాస్తు పట్టుకుని రెండు మూడుసార్లు నగరానికి తిరగడమే పెద్ద గండం.

ఇంతకంటే మమ్మల్ని బాధపెట్టింది ఆ ప్రమాణపత్రం. ఇండియాలో దాన్ని అనెక్సర్ ఎఫ్ అంటారు. పాస్‌పోర్టు పోయినా, పాడైనా అదే రాయాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా పాడైందో దరఖాస్తుదారే ప్రమాణం చేసి చెప్పాలి. మూడేళ్లు ఆ బుక్కును కంటితో చూడని మనిషి ఏమని ప్రమాణం చేయాలి? ఆమె ఏం రాసినా తన అజాగ్రత్తను తానే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఫీజు కూడా జరిమానాలాగే ఉంటుంది. ఇండియాలో 36 పేజీల పాస్‌పోర్టు మామూలుగా తిరిగి తీసుకోవడానికి 1500 రూపాయలైతే, పాడైనదానికి బదులుగా తీసుకోవడానికి 3000. పేరు, నంబరు చదవగలిగి, ఫోటో చెడకుండా ఉంటే తత్కాల్‌లో ఇస్తారు. అవి కూడా పోతే తత్కాల్ లేదు. అంటే ఎంత ఎక్కువ చెడితే అంత ఎక్కువ నిరీక్షణ. చెడగొట్టినవాళ్లు మాత్రం ఈ లెక్కలో ఎక్కడా కనిపించరు.

నిజానికి ఆ బుక్కు ఆమెది కూడా కాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. అది సొంతదారు దగ్గర గానీ, ఆయన అనుమతించిన మనిషి దగ్గర గానీ ఉండాలని పాస్‌పోర్టులోనే అచ్చువేసి ఉంది. హిందీ, ఇంగ్లీషు రానివారికి అది గీతల కిందే లెక్క. గల్ఫ్ దేశాల్లోనూ చట్టాలు లేక కాదు. కువైట్‌లో ఇంటిపనివారి కోసం చేసిన 2015 నాటి 68వ చట్టం, పనివారి సమ్మతి లేకుండా యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదంటుంది. వారానికో సెలవు ఇవ్వాలనేదీ ఆ చట్టమే. ఖతర్ కూడా అదే ఏడాది 21వ చట్టంలో పాస్‌పోర్టు లాక్కోవడాన్ని నేరం చేసింది. అయితే ఆ 'సమ్మతి' అనే మాట దగ్గరే కథంతా ఉంది. అర్ధరాత్రి విమానం దిగి, భాష తెలియని ఇంటి గడప తొక్కిన మనిషి పాస్‌పోర్టు ఇవ్వనని ఎలా అంటుంది?

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో తాకట్టు గురించి ఒక కట్టడి ఉంది. పిండి విసురుకునే తిరగలిని తాకట్టు పట్టకూడదు. అది లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు గనుక. పాస్‌పోర్టు ఉంచుకోవడం అలాంటి తాకట్టే. పైగా ఇక్కడ అప్పు కూడా లేదు.

కురుగోడువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. బళ్లారితో పాటు మేము మైసూరు రాష్ట్రంలో చేరాం. ఇంట్లో తెలుగు, రేషన్ కార్డు కన్నడం. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనుక, మూడోదాంట్లో అసలే ఉండదు. బుక్కు బాగున్నన్నాళ్లూ దీన్ని ఎవరూ అడగరు. అది పాడై కొత్తది అడిగిన రోజు ప్రతి అక్షరం లెక్కకొస్తుంది. గల్ఫ్‌లో మాటసాయం చేసేవాళ్లు ఎక్కువగా కడప, గోదావరి జిల్లాలవాళ్లు. వాళ్లు మంచి మనసుతో ఆంధ్ర ప్రభుత్వ ప్రవాసాంధ్రుల సంస్థకు రాయమన్నారు. చిరునామా కర్ణాటకదయితే అక్కడ రాసి లాభమేముంది? చివరికి మేము విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో పెట్టాం. అది 2015 నుంచి ఉంది, ఏ రాష్ట్రం వారైనా పెట్టుకోవచ్చు. మాకే ఆలస్యంగా గుర్తొచ్చింది.

మా తప్పు ఇంకొకటి కూడా చెప్పాలి. ఆమె వెళ్లిన రోజు సంఘమంతా ప్రార్థన చేసి బస్సెక్కించాం. పాస్‌పోర్టు జిరాక్స్ ఒకటి దాచుకోవాలని ఒక్కరికీ తట్టలేదు. నంబరు కోసం రెండు రోజులు వెతికితే, తమ్ముడి పాత ఫోన్‌లో ఏజెంటు పంపిన టికెట్‌తో పాటు దొరికింది. ఇప్పుడు ఎవరు వెళ్లినా మొదటి పేజీ, చివరి పేజీ ఫోటో తీసి ఇంట్లో ఒకటి, సంఘం దగ్గర ఒకటి ఉంచుతున్నాం. పేర్లన్నీ ఒకేలా ఉన్నాయో లేదో వెళ్లకముందే చూస్తున్నాం. ఏజెంటు మాట నమ్మి అడ్డదారిన పోయినవాళ్లు రాయబార కార్యాలయం పేరు చెబితేనే భయపడతారు. ఈమె కూడా మొదట భయపడింది. అక్కడికి పోతే జైల్లో వేస్తారని ఆమెకు ఎవరో చెప్పారు.

ప్రభుత్వాన్ని మేము అడిగేది పెద్దదేమీ కాదు. ప్రమాణపత్రంలో ఒక్క వరుస చేర్చండి: పాడైనప్పుడు పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? దానికి 'యజమాని దగ్గర' అని జవాబొస్తే రెట్టింపు ఫీజు పనివారి మీద వేయకండి. ఇక్కట్లలో ఉన్న ప్రవాసుల కోసం 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. రాయబార కార్యాలయాల్లో మనవాళ్లు ప్రతి సేవకూ కట్టే చిన్న రుసుముతోనే అది నిండుతుంది. వాళ్లు కట్టిన డబ్బులోంచి వాళ్ల పాస్‌పోర్టుకు ఇవ్వడం దానం కాదు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలో చెప్పే ఆ నాలుగు మాటలను తెలుగులో, కన్నడంలో అచ్చువేసి బుక్కుతో పాటు ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

ఆమె ఔట్‌పాస్ మీదే వచ్చింది. తల్లిని చూసుకుంది. పోయిన నెల కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించాం. ప్రమాణపత్రంలో ఎలా పాడైందన్న చోట నోటరీ దగ్గర టైపు చేసే అబ్బాయి అలవాటుగా 'నా అజాగ్రత్త వల్ల' అని కొట్టాడు. అది తీయించి, 'ఈ మూడేళ్లు పాస్‌పోర్టు నా స్వాధీనంలో లేదు' అని రాయించాం. ఆ కాగితాన్ని కౌంటరులో తీసుకున్నారు. పోలీసు విచారణ ఇంకా రావాలి.