ఎన్నూరులో పుట్టిన చెన్నై పాట

నగరాలను కీర్తించే వీడియో పాటలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. డ్రోన్ కెమెరాలో మెరిసే వంతెనలు, సముద్రం మీద సూర్యోదయం, గుడి గోపురాలు, పొగలు కక్కే కాఫీ. ఏటా ఆగస్టు 22న మద్రాసు దినం జరుపుకునే చెన్నైకి ఇలాంటి పాటలకు కొదవ లేదు. 2017 జనవరిలో వచ్చిన ‘చెన్నై పోరంబోకు పాడల్’ మాత్రం ఆ మూసను పక్కన పెట్టింది. నగరం దాచుకునే చోటికే కెమెరాను తీసుకెళ్లింది.

ఆ చోటు ఉత్తర చెన్నైలోని ఎన్నూరు. కొసస్థలైయారు నది అక్కడి ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్లలో దొరికే రొయ్యలు, పీతలు, చేపలే మత్స్యకార కుటుంబాలకు ఆధారం. వాటి చుట్టూ బొగ్గు విద్యుత్ కేంద్రాలు, ఓడరేవులు, బూడిద చెరువులు వెలిశాయి. కబేర్ వాసుకి రాసిన పాటను టి.ఎం. కృష్ణ ఆ పొగగొట్టాల నేపథ్యంలో పాడారు. రాగాలు కర్ణాటక సంగీతానివి, మాటలు మద్రాసు వీధులవి. సభల సంగీతంలో చోటు దొరకని యాసకు రాగమాలిక కట్టడమే ఒక వాదన.

పాట పేరులోని మాట తెలుగువారికి కొత్తది కాదు. రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకు అంటే ఎవరికీ పట్టా లేని, శిస్తు పడని భూమి. చెరువు, వాగు, శ్మశానం, బాట... ఊరందరికీ అవసరమైనవే. శిస్తు రానిది కాబట్టి పనికిరానిదన్న భావం స్థిరపడి, చివరకు ఆ మాట తమిళంలోనూ తెలుగులోనూ తిట్టుగా మారింది. పాట ఆ తిట్టును తిరగేసింది. అందరిదీ అయిన నేలను పనికిమాలినదిగా చూసే నగరం తన మనుగడనే పణంగా పెడుతోందని హెచ్చరించింది. 2015 డిసెంబరు వరదలు చూసిన చెన్నైకి ఆ మాట అతిశయోక్తిగా అనిపించలేదు.

అయితే పాట వల్ల ఎన్నూరు బాగుపడిందా? పడలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో పాటు మణలి పారిశ్రామిక ప్రాంతం నుంచి వచ్చిన చమురు ఉప్పుటేరును కమ్మేసింది. పడవలు, వలలు, మడ చెట్లు నల్లబడ్డాయి. ఆ నెలాఖరులోనే అమోనియా లీకై జనం రాత్రికి రాత్రే ఇళ్లు వదిలారు. పాట విని మెచ్చుకున్నవారిలో ఎక్కువమంది ఆ గాలి పీల్చని వాళ్లేనన్న విమర్శనూ తోసిపుచ్చలేం.

అయినా అది ఒక లెక్కను మార్చింది. చెన్నై అంటే మెరీనా, మైలాపూరే కాదు, ఆ నగరానికి కరెంటిచ్చి బూడిదను భరించే ఎన్నూరు కూడా అని చెప్పింది. 2020 అక్టోబరు వరదల్లో మునిగిన హైదరాబాద్‌కూ ఈ లెక్క అవసరమే. అక్కడ నీళ్లు చేరిన కాలనీల్లో చాలావరకు ఒకప్పటి చెరువులు, వాటిని కలిపే నాలాల దారిలోనివే. ఆ నగరం మీద వచ్చే పాటల్లో చార్మినార్, బిర్యానీ తప్పక ఉంటాయి. మూసీ ఒడ్డు బస్తీలకు, కనుమరుగైన చెరువులకు మాత్రం ఒక చరణమైనా దక్కడం అరుదు.