నాలుగు తరముల అతిథి

ఫిజీ దీవుల భాషలో 'వులాంగి' అనగా అతిథి. భూమి గలవాడు 'తౌకెయి'. అతిథి యనిపించుకొనుట ఒక పూటకు గౌరవమే. కాని ముత్తాతనాటి నుండి అక్కడే పుట్టి, అక్కడే చెరకు నరికి, అక్కడి మట్టిలోనే కలసిపోయినవారి సంతానమును గూడ ఆ మాటతోనే పిలిచినపుడు, అందులో 'ఇంకెప్పుడు పోదువు?' అను ప్రశ్న వినబడును.

1879 మే 14న లియోనిదాస్ నౌక భారతీయ కూలీలను తొలిసారిగా ఫిజీకి చేర్చినది. 1916 వరకు అట్లు వెళ్లినవారు 60 వేలకు పైబడినారు. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా సాగిన నౌకలలో విశాఖపట్నము, గోదావరి, కృష్ణా మండలముల తెలుగువారును ఉన్నారు. ఐదేండ్ల ఒప్పందమునకు, వారి నోట 'గిర్మిట్' అయిన దానికి, గడువు తీరిన పిమ్మట పెక్కుమంది అక్కడనే నిలిచిపోయినారు.

భూమి మాత్రము వారిది కాలేదు. దేశములోని భూమిలో 80 శాతమునకు పైగా తౌకెయి వంశములకు చెందినది. అది అమ్మకమునకు రాదు. తెల్లదొరల చేతులలో పడకుండ స్థానికులను కాపాడినది ఆ నియమమే గనుక దానిని తప్పుపట్టుటకు వీలులేదు. అయినను చెరకు రైతు కౌలుదారుగానే మిగిలినాడు. 1976 చట్టసవరణతో పొడిగింపబడిన కౌళ్లు సైతము 1997 నుండి వరుసగా ముగియసాగినవి. భూమి లేనివానికి దేశముతో గల బంధము ఓటు ఒక్కటే. ఆ ఓటుకు పట్టిన గతిలోనే అతని విశ్వాసభంగపు కథ యున్నది.

1977 ఏప్రిల్ ఎన్నికలలో భారతీయులు బలపరచిన జాతీయ సమాఖ్య పక్షమునకు 52 స్థానములలో 26 లభించినవి. గెలిచినవారు నాయకత్వమునకై తమలో తాము కలహించుకొనుచుండగా, గవర్నరు జనరలు ఓడిన ప్రధానియైన రాతూ మారానే తిరిగి నియమించినాడు. ఆ సెప్టెంబరులో పక్షము రెండుగా చీలి, పావురము, పువ్వు గుర్తులపై పోటీచేసి 15 స్థానములకు దిగజారినది. ఈ దెబ్బ శత్రువు కొట్టినది కాదు. గెలిపించి పంపిన ఓటును సొంత నాయకులే నిలుపుకొనలేకపోయినారు.

పదేండ్లకు మరియొక అవకాశము వచ్చినది. 1987లో తౌకెయి వంశీయుడగు తిమోచి బవద్రా నాయకత్వమున, భారతీయుల ఓట్ల అండతో, మిశ్రమ ప్రభుత్వ మేర్పడినది. నెల గడచెనో లేదో సైన్యాధికారి సితివేని రబుకా దానిని కూలద్రోసినాడు. ఆ దినము మే 14. తొలినౌక వచ్చిన తేదీయే. 1999లో తొలి భారతీయ ప్రధానియైన మహేంద్ర చౌదరి, 2000 మేలో శాసనసభలోనే సాయుధులకు చిక్కి 56 దినములు బందీగా నుండినాడు. రాజ్యాంగము చెల్లుబాటులోనే యున్నదని 2001లో న్యాయస్థానము తీర్పు చెప్పినను ఆ ప్రభుత్వము తిరిగి రాలేదు.

ఇన్నిసార్లు ఓటు వేసి ఓడినవాడు చివరకు కాళ్లతో ఓటు వేసినాడు. 1986 జనగణనలో 48.7 శాతముగా నున్న భారతీయులు 2007 నాటికి 37.5 శాతమైనారు. ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు తరలిపోయినవారిలో ఉపాధ్యాయులు, వైద్యులు, గణకులు పెక్కురు.

2006లో సైన్యబలముతో అధికారమునకు వచ్చిన బైనిమరామా ప్రభుత్వము జాతిభేదమును తుడిచివేయుదునన్నది. 2013 రాజ్యాంగము పౌరులందరికిని 'ఫిజియన్' అను ఒకే పేరు నిచ్చినది. తాతలు ఎరుగని మర్యాద యది. కాని ఆ ప్రభుత్వమే 2009లో పురపాలక సభలను తొలగించి నియమిత అధికారులను కూర్చుండబెట్టినది. 2005 పిమ్మట పదిహేనేండ్లకు పైగా పట్టణములలో స్థానిక ఎన్నికలు లేవు. వీధి దీపము వెలుగకున్నచో అడుగుటకు తానెన్నుకొన్న మనిషి లేనివానికి, రాజధాని నుండి వచ్చిన సమానత్వము కాగితముపై వ్రాతగానే తోచును.

నాయకత్వపు శక్తి ఆ ప్రజలలో కొరవడినదా యనిన, లేదు. దొరతనము చదువు చెప్పించని కాలమున పల్లెపల్లెనా సంఘములు కట్టి, చందాలు వేసికొని, బడులు నిలిపినవారు ఆ కూలీలే. 1926లో సాధు కుప్పుస్వామి స్థాపించిన దక్షిణ భారతీయుల సంగమును, 1941లో వెలసిన ఆంధ్ర సంగమును అందుకు సాక్ష్యములు. ఆ బడి సంఘములో లెక్క అడుగవచ్చును, పెద్దను మార్చవచ్చును. ఆ రెండును శాసనసభలో సాగనపుడే యువకుని నమ్మకము సడలినది.

2022 చివర తిరిగి ప్రధానియైన రబుకా 2023 మే 14న తన నాటి చర్యకు క్షమాపణ చెప్పినాడు. అది మంచి ఆరంభము. కాని తప్పు ఒప్పుకొనుట ఒకటి, హక్కు అప్పగించుట వేరొకటి. కౌలునకు నిలుకడ, పట్టణసభలో స్థానము, ఓటు వేసిన మరునాడు దానిని ఎవరును రద్దుచేయరను ధీమా - ఈ మూడును కలిగిననాడే ఆ బిడ్డ అతిథి కాక ఇంటివాడగును.